రంపపు పొట్టు

"విప్పాల్సిందే," అన్నాడు భర్త.

"విప్పితే ఏమవుతుందో తెలుసుగా? ఆ స్క్రూ మీద అంటించిన కాగితం చూడండి. అది చినిగిందంటే ఇక వాడికి బాధ్యత లేదు," అంది ఆమె.

"ఇప్పుడు మాత్రం ఉందా? నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నా. మీ తమ్ముడు ఎత్తితేగా!"

ఇద్దరి మధ్యా బల్ల మీద కంప్యూటర్ నల్లమొహం వేసుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి అది ఆగిపోవడం ఎన్నోసారో ఇద్దరూ లెక్క మరిచిపోయారు.

ఇంకా కట్టని ఇళ్ళను తెర మీద కట్టి చూపించడం ఆమె పని. కొనేవాళ్ళు కుర్చీలో కూర్చునే గుమ్మం దాటి, హాల్లో తిరిగి, వంటగది చూసి, బాల్కనీలో నిలబడినట్టు బొమ్మను నడిపిస్తుంది. అపార్ట్‌మెంట్లు కట్టే ఒక పెద్దావిడ నమ్మి మొదటిసారి పని అప్పగించింది. రేపు పొద్దున కొనేవాళ్ళ ముందు పెట్టాలి. ఈ పెట్టె చూస్తే, వంటగది గుమ్మం దాకా నడిచొచ్చి ప్రాణం వదిలేస్తోంది.

"వంటగది అంటే దానికీ భయమేనేమో," అన్నారు మంచం మీంచి అత్తగారు. "మా వాడిలాగే."

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వే మాటే.

అత్తగారు ఆస్పత్రిలో ఆపరేషన్ గది నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ కంప్యూటర్‌కి పెట్టింది ఆవిడ డబ్బే. కోడలు అడగలేదు. కొడుకూ అడగలేదు. "ఇది పనికొచ్చే పిల్ల, దీని చేతికి పనిముట్టు కావాలి," అని తనే తీసి ఇచ్చారు. ఇచ్చిన రోజు నుంచి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే కోడలికి బరువుగా ఉంది.

"అసలు మీకీ అనుమానం ఎవరు నూరిపోశారు?" అంది భర్తతో.

"ఎవరూ నూరిపోయక్కర్లేదు. మా కాటా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అడిగా. ఎవరు బిగించారన్నాడు. మా బావమరిది అన్నా. అతను నవ్వాడు. అంతే, నవ్వాడు. 'అయినవాళ్ళ దగ్గర కొన్నాక విప్పి చూసుకోరుగా సార్, కొత్త పెట్టెలో పాతవి వేసి బిగించేది అలాంటి చోటే,' అన్నాడు."

"ఎవడో నవ్వితే మా తమ్ముడు దొంగ అయిపోయాడా?"

"దొంగ అని నేనన్నానా?"

"అనడానికి ఇంకేం మిగిల్చారు?"

భర్త ఊరి బయట లారీల కాటా దగ్గర పని చేస్తాడు. బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచనిదే చీటీ రాయడు. కన్నతండ్రి బండి వచ్చినా అంతే. అలాంటి మనిషి ఈ కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజు మాత్రం మూత కూడా తియ్యనివ్వలేదు. ఆ రోజుకి ముందు తమ్ముడే బతిమాలాడు. "బావా, మా కొట్టుకి రా. ఒక్కొక్కటీ నీ కళ్ళ ముందు అట్టపెట్టెలోంచి తీసి, నెంబరు చూపించి బిగిస్తా," అన్నాడు. "మనలో మనకి చూసుకోవడాలేంట్రా బుడ్డోడా, సిగ్గులేకపోతే సరి," అన్నాడు ఈయన.

ఎందుకన్నాడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కంప్యూటర్ కింద ఉన్న బల్లకి ఇంకా బాగా తెలుసు.

ఆ బల్ల ఆమె తండ్రి చేసింది. ఆయన వడ్రంగి. పోయినేడు కూతురి కోసం చేసి, తనే బండి మీద వేసుకొచ్చి, గోడవారగా నిలబెట్టాడు. ఆయన చెమటైనా తుడుచుకోకముందే అల్లుడు జేబులోంచి టేపు తీసి చెక్క మందం కొలిచాడు. చెడ్డ బుద్ధితో కాదు, చేతి అలవాటు. తూచనిదే ఊరుకోలేని చెయ్యి. చెక్క ఒప్పుకున్న దానికంటే మందంగానే ఉంది. "ఎక్కువే ఉంది మామయ్యా!" అన్నాడు సంతోషంగా. ఆయన పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

టేపు వేసిన చేతిని ఈయన ఎన్నిసార్లు తిట్టుకున్నాడో ఆమెకి తెలుసు. అయితే ఆ తిట్టుకున్న మాట వెళ్ళి మామగారికి చెప్పుకోలేదు. రేపు, ఎల్లుండి అంటూనే ఏడాది గడిచిపోయింది.

"మళ్ళీ టేపు తీస్తున్నారన్న మాట," అంది ఆమె.

అనకుండా ఉండాల్సింది. అన్నాక నాలుక కరుచుకుంది.

భర్త మొహం పాలిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీద ఎవరో తడిబట్టలు దులుపుతున్నారు.

చివరికి అత్తగారే నోరు విప్పారు.

"తియ్యనీవే అమ్మాయ్. ఒకసారి టేపు తీసి తప్పు చేశాడు. ఒకసారి తియ్యక తప్పు చేశాడు. కడుపు కుట్టే ముందే కత్తెర్లు లెక్కపెట్టుకోవాలని ముప్పొద్దులా చెప్పేదాన్ని. కుట్టేశాక గుర్తొచ్చిందంటే మళ్ళీ కొయ్యడమే, వేరే దారి లేదు."

"అది కాదత్తయ్యా…"

"రేపు ఆ పెద్దావిడకి ఏం చూపిస్తావు? నల్ల తెరా?"

ఆమె ఆగిపోయిన తెర వైపు చూసింది.

భర్త కిటికీ దగ్గర నుంచే, వెనక్కి తిరక్కుండా అన్నాడు. "విప్పి చూద్దాం. అన్నీ సరిగ్గా ఉంటే నేనే వాడికి ఫోన్ చేసి తప్పయిందని చెప్తా. తేడా ఉందంటే మాత్రం వాడు ఈ ఇంటికి రాకూడదు. అమ్మ డబ్బు అది. ముందే చెప్తున్నా."

పుట్టింటి నుంచి ఈ ఇంటికి వచ్చే కాలు ఇప్పుడు తమ్ముడిదొక్కటే. ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది.

ముందు విప్పకుండానే చూడగలిగింది చూశారు. పెట్టెను కాసేపు చల్లారనిచ్చి నడిపించింది. లోపల ఏమేం ఉన్నాయో కంప్యూటర్ తనంతట తనే తెర మీద చెప్పే చోటు ఒకటుంది. అది తెరిచింది. భర్త ఫోన్‌లో బిల్లు పట్టుకుని ఒక్కొక్క పేరూ చదివాడు. ప్రాసెసర్ సరిపోయింది. మెమరీ సరిపోయింది. బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు, అన్నిటికంటే ఎక్కువ ఖరీదు దానిదే, అదీ సరిపోయింది.

"చూశారా!" అంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"పేర్లు సరిపోయాయి. పేరు కాటా మీద తూగదు," అన్నాడు భర్త. కానీ గొంతులో పొద్దుటి పదును లేదు. "కొత్తదీ పాతదీ ఒకే పేరు చెప్తాయి. మూత తియ్యి."

కంప్యూటర్ ఆపేసి తిప్పితే, స్క్రూ మీది కాగితం చిన్న చప్పుడుతో చినిగింది. వడ్రంగి కూతురికి స్క్రూలు విప్పడం ఒకరు నేర్పక్కర్లేదు. పక్క రేకు చేత్తో జారిపోకుండా పట్టుకుని మెల్లగా లాగింది.

వేడిగాలి మొహానికి కొట్టింది. ఆ వెనకే ఇంకో వాసన వచ్చింది.

ముందు బల్ల వాసన అనుకుంది. కానీ బల్లకి పాలిష్ పట్టి ఏడాదైంది, అది ఇప్పుడు అలా వాసన రాదు. ఇది పచ్చి కోత వాసన. వేసవి సెలవుల్లో నాన్న కొట్టులో బెంచీ కింద పడుకుని నిద్రపోతే లేచేసరికి జుట్టంతా పట్టుకుని ఉండే వాసన.

ఒంగి చూసింది. గ్రాఫిక్స్ కార్డు పైన శుభ్రంగా మెరుస్తోంది. ఎవరో ఓపిగ్గా తుడిచారు. ఫ్యాను రెక్కల సందుల్లోంచి లోపలికి చూస్తే, సన్నటి రేకుల మధ్య ఎర్రటి మెత్తటి పొడి దట్టంగా కూరుకుపోయి ఉంది. గాలి ఆడడానికి సందు లేదు. ఆడకపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది. వంటగది గుమ్మం దగ్గర చచ్చిపోవడానికి కారణం అదన్నమాట.

రంపపు పొట్టు.

ఆ పొడి ఈ ఇంటిది కాదు. ఈ వీధిదే కాదు. తమ్ముడి గది నాన్న కొట్టుని ఆనుకునే ఉంటుంది, మధ్యలో చెక్క తడిక ఒకటి. వాడు ప్రకటనల కోసం బొమ్మలు కదిలించే పని ఆ గదిలోనే, తన సొంత కంప్యూటర్ మీదే చేసుకుంటాడు. వేరేవాళ్ళకి కంప్యూటర్లు బిగించి ఇవ్వడం పైసంపాదన. "నాన్న రంపం పట్టినప్పుడల్లా నా కంప్యూటర్ దగ్గుతుందక్కా," అని నవ్వుతూ సైకిల్ పంపుతో గాలి కొట్టుకోవడం తనెన్నిసార్లు చూసింది!

వాడి కార్డు. వాడి కూడు పెట్టే కార్డు. ఇది ఇక్కడుంటే వాడు దేంతో పని చేస్తున్నాడు? అత్తయ్య డబ్బు పెట్టి కొన్న కొత్తది ఏమైంది?

"ఏంటి?" అన్నాడు భర్త.

"ఏం లేదు. టార్చి కావాలి, కనిపించట్లేదు."

"అమ్మా, నీ టార్చి ఇవ్వు. నేను ఆ కార్డు తాలూకు అట్టపెట్టె దించుకొస్తా. దాని మీద నెంబరుంటుంది, కార్డు మీదా అదే ఉండాలి. అది కలిసిందంటే ఇక మాట్లాడేది లేదు." అటక మీద దాచిన ఖాళీ పెట్టె కోసం కుర్చీ ఈడ్చుకుంటూ పక్కగదిలోకి వెళ్ళాడు. అత్తగారు టార్చి వెతుక్కుంటూ దిండు కింద చెయ్యి పెట్టారు.

ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేకపోయేది. కళ్ళజోడు తుడుచుకునే పసుపుపచ్చ గుడ్డ తీసి, స్క్రూడ్రైవర్ మొనకి చుట్టి, రేకుల సందుల్లో తిప్పింది. పొట్టు ఉండలుగా ఊడి వచ్చింది. ఊదింది, కళ్ళలో పడింది. మళ్ళీ తుడిచింది. గుడ్డని లోపలికి మడిచి బల్ల మూల పెట్టేసరికి కుర్చీ ఈడ్చుకుంటూ భర్త తిరిగొచ్చాడు.

"కళ్ళెందుకలా ఎర్రబడ్డాయి?"

"వేడిగాలి."

అత్తగారు వచ్చి పక్కన నిలబడి టార్చి వేశారు. చెయ్యి ఏమాత్రం వణకలేదు. ఏళ్ళ తరబడి అలా వెలుగు పట్టుకుని నిలబడిన చెయ్యి.

"ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు చూడాలి. రెండూ ఒకళ్ళే చేస్తే కన్ను తనకి కావాల్సింది చూస్తుంది. మా కాటా దగ్గర అదే పద్ధతి," అన్నాడు భర్త. పెట్టె మీది అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు. "ఏడు."

"ఆ."

"సున్నా, సున్నా, నాలుగు."

"ఆ."

"ఐదు, ఐదు."

"ఆ."

ఒకే కంపెనీ, ఒకే రకం, మొదటి అంకెలు ఒకేలా ఉన్నాయి. దేవుడా, ఇలాగే చివరిదాకా ఉంటే!

"రెండు, ఎనిమిది, ఆరు."

కార్డు మీద తొమ్మిది ఉంది. దాని పక్కన ఒకటి, ఆ పక్కన మూడు. టార్చి వెలుగులో తెల్లగా, నిక్కచ్చిగా ఉన్నాయి.

"సరిగ్గా చూడు. రెండు, ఎనిమిది, ఆరు."

"ఆ," అంది.

"కలిసిందా?"

"కలిసింది."

భర్త పెట్టె కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. టార్చి ఆరలేదు. తలెత్తి చూసింది. అత్తగారు కార్డు వైపు చూడటం లేదు. ఆమె చేతుల వైపు చూస్తున్నారు.

మూత బిగించి మీట నొక్కింది. బొమ్మ నడిచింది. హాలు దాటింది, వంటగది గుమ్మం దగ్గరికి వచ్చింది. ముగ్గురూ ఊపిరి బిగపట్టారు. గుమ్మం దాటింది! పొయ్యి గట్టు, అలమర, కిటికీ, బాల్కనీ, అక్కడ్నుంచి దూరంగా ఎవరూ నాటని చెట్లు.

"విప్పితే బాగుపడిందే!" అన్నాడు భర్త. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఏం చేశావు?"

"గాలి తగిలిందిలేరా," అన్నారు అత్తగారు. "కొన్ని జబ్బులకి గాలి తగిలితే చాలు."

"నా బుద్ధి గడ్డి తింది. ఎవడో నవ్వాడని ఇంటి పిల్లాణ్ణి అనుమానించాను." అంటూనే ఫోన్ తీశాడు. "ఇప్పుడే చెప్పేస్తా. వాడికీ చెప్తా, మామయ్యకీ చెప్తా. ఆ బల్ల సంగతి కూడా. ఇవాళ రెండూ కడిగేసుకుంటా."

"ఇప్పుడొద్దండీ. తర్వాత చేద్దురుగాని."

"తప్పు చేసేప్పుడు ఆగలేదు, ఒప్పుకునేప్పుడు ఆగమంటావేంటి?"

"అది కాదు, వాడు పనిలో ఉంటాడు…"

భర్త ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. అత్తగారు కళ్ళజోడు తీసి వెలుగుకి పట్టి చూసుకున్నారు.

"అమ్మాయ్, నీ గుడ్డ ఇటివ్వు. మసగ్గా ఉంది."

ఆమె కదల్లేదు. ఆవిడే చెయ్యి చాచి బల్ల మూల నుంచి అందుకున్నారు. మడత విప్పారు. పసుపుపచ్చ గుడ్డ మీద ఎర్రటి పొడి. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ ఏ మడత ఎలా ఉందో అలాగే మడిచి, గుప్పిట్లో పెట్టుకున్నారు. కళ్ళజోడు తుడవకుండానే పెట్టుకున్నారు.

"అత్తయ్యా," అంది ఆమె, పెదవులు మాత్రమే కదిలేలా.

"నేనేమీ అడగలేదుగా," అన్నారు ఆవిడ, అంతే మెల్లగా. "కత్తెర్ల లెక్క తప్పినా, సరిపోయిందని పుస్తకంలో సంతకం పెట్టిన వాళ్ళని చాలామందిని చూశాను. కొంతమంది మంచివాళ్ళే."

అవతల ఫోన్ ఎత్తారు. భర్త సంతోషం పట్టలేక స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాడు. ముందు రంపం కోత వినిపించింది. ఆ వెనక తమ్ముడి గొంతు.

"బావా, చెప్పు."

"ఎత్తావురా మహానుభావా! నిన్నటి నుంచి ఎక్కడ చచ్చావు? సరే, ఆ సంగతి తర్వాత. ముందు నన్ను తిట్టు."

"ఎందుకు?"

"నిన్ను అనుమానించా. కంప్యూటర్ ఆగిపోతుంటే నువ్వు పాతది పెట్టావేమో అనుకున్నా. విప్పించా. నేను నెంబరు చదివాను, మీ అక్క చూసింది. అంకెకి అంకె కలిసింది. తప్పు నాదేరా బుడ్డోడా. రేపు సాయంత్రం భోజనానికి రా, నీ కాళ్ళ మీద పడతా."

రంపం కోస్తూనే ఉంది.

"ఏరా, ఉన్నావా?"

"అక్క చూసిందా?"

"చూసింది."

"కలిసిందని అక్కే చెప్పిందా?"

"చెవుడొచ్చిందా నీకు? అదేగా చెప్తున్నా."

"అక్క అక్కడుందా?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఉన్నానురా."

"ఎందుకక్కా?" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మాటలో కోపం ఉంటే తట్టుకునేది.

"ఎందుకేంటి?" అన్నాడు భర్త. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, లోపల మాత్రం ఆరిపోతోంది.

"బావా, నెంబరు కలవలేదు. కలవడానికి వీల్లేదు. మీ పెట్టెలో ఉన్నది నా కార్డు. చెప్దామనే నిన్నటి నుంచి నీ ఫోన్ చూస్తూ కూర్చున్నా, ఎత్తే ధైర్యం లేక. అక్కని ఏమీ అనకు. అక్కకి ముందు తెలీదు."

భర్త ఫోన్ వైపు చూడలేదు. ఆమె వైపు చూశాడు. నిండు బండిని తూచి, ఖాళీ బండిని తూచి, రెండు అంకెల మధ్య తేడా చూసే చూపు అది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆ చూపు ఆమె మీద పడటం ఇదే మొదలు.

అత్తగారి గుప్పిట బిగుసుకుంది.

"మరి కొత్తది ఏదిరా?" అన్నాడు భర్త. గట్టిగా అనలేదు. "మా అమ్మ డబ్బుతో కొన్నది?"

"అది… బావా, అది…"

రంపం ఆగింది.

ఆగాకే అది ఎంత చప్పుడు చేస్తోందో అందరికీ తెలిసింది. అవతల చెక్క పేళ్ళ మీద చెప్పుల అడుగులు వినిపించాయి. తడిక తలుపు కిర్రుమంది. ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. ఏడాదిగా ఈ ఇంట్లో వినపడని గొంతు, ఆ బల్ల మీద నుంచే పలికింది.

"వాణ్ణెందుకు అడుగుతావు అల్లుడూ? నన్నడుగు."